ఐదవ విభాగము: ఒక గాయక బృందపు సహవాస జీవితముపై విమర్శనాత్మక పరిశీలన

మన వేదాంత కళాశాలల్లో గాయక బృందము గురించి చెప్పే పాఠాలు ఆరాధన శాస్త్రములో ఒక చిన్న భాగము. ఏ పండుగకు ఏ కీర్తన తగినది, కానుకలు పట్టే సమయములో ఏమి పాడాలి, ప్రసంగానికి ముందు పాట ఎంతసేపు ఉండాలి అని నేర్పుతాము. పాడేవారు ఒకరి ప్రక్కన ఒకరు ఎలా నిలబడతారు, ఒకరు రాకపోతే ఎవరు వెతుకుతారు, ఒకరు చనిపోతే ఆ ఖాళీని ఏమి చేస్తారు అన్నవి పాఠ్యప్రణాళికలో లేవు. అపొస్తలుల కార్యములు 2:42 మీద సహవాసము గురించి గంటసేపు మాట్లాడగలిగిన మనము, ప్రతి శనివారము సాయంత్రము గుడిలో ప్రాక్టీసుకు చేరే పదిహేనుమంది యవనస్థులు కూడా ఒక సహవాసమేనని గుర్తించము.

నన్ను ఈ ప్రశ్న వైపు తిప్పినది సంఘానికి వెలుపల ఉన్న ఒక బృందము. 2019లో విడుదలైన "గే కోరస్ డీప్ సౌత్" అనే డాక్యుమెంటరీ చిత్రము శాన్‌ఫ్రాన్సిస్కో గే మెన్స్ కోరస్ అనే గాయక బృందము 2017 అక్టోబరులో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చేసిన పర్యటనను చూపిస్తుంది. దర్శకుడు డేవిడ్ చార్ల్స్ రోడ్రిగ్స్. న్యూయార్క్‌లోని ట్రైబెకా చలనచిత్రోత్సవములో ఈ చిత్రానికి ప్రేక్షకుల బహుమతి లభించింది. మంచి చిత్రమే. అయితే ఆ బృందము గురించి తెలుసుకోదగినదానిలో ముఖ్యమైన భాగము చిత్రములో అంచుల మీదనే మిగిలిపోయిందని ఈ వ్యాసములో చెప్పదలచుకున్నాను. సంఘకాపరులకు ఉపయోగపడేది ఆ అంచుల మీద ఉన్నదే.

ముందుగా ఒక మాట. స్వలింగ సంబంధాల విషయములో లేవీయకాండము 18, రోమా 1, 1 కొరింథీ 6 అధ్యాయాల వ్యాఖ్యానము ఇక్కడ చేయడము లేదు. ఆ చర్చ జరగవలసిందే. ఈ వ్యాసము చదివేవారిలో ఆ విషయమై వేర్వేరు నిశ్చయాలు గలవారు ఉంటారని ఎరుగుదును. కానీ మన చర్చ ముగిసేదాకా మనుషులు మన గుడి గుమ్మము దగ్గర ఆగి ఉండరు. వాళ్ళు ఎక్కడికో వెళతారు. వెళ్ళినచోట ఏమి కట్టుకున్నారో చూడడము మాత్రమే ఇక్కడ నా పని.

మెట్ల మీద మొదటి పాట

ఈ బృందము మొదటి ప్రాక్టీసు 1978 అక్టోబరు 30న, ఒక సోమవారము రాత్రి జరిగింది. స్థాపకుడు జాన్ రీడ్ సిమ్స్. వందకు పైగా పురుషులు వచ్చారు. తమ పేరులో "గే" అనే మాటను బహిరంగంగా పెట్టుకోవడము అప్పట్లో చిన్న సంగతి కాదు. కచేరీ కరపత్రము మీద తన పేరు అచ్చయితే యజమాని చూస్తాడు, ఇంటి ఓనరు చూస్తాడు, తల్లి చూస్తుంది. పాడటానికి రావడమే ఒక ఒప్పుకోలు అయ్యే పరిస్థితి అది.

సరిగ్గా నాలుగు వారాల తరువాత, నవంబరు 27న, నగర మేయరు జార్జ్ మాస్కోని, నగరపాలక మండలి సభ్యుడు హార్వీ మిల్క్ నగర భవనములోనే కాల్చి చంపబడ్డారు. మిల్క్ తాను స్వలింగ ప్రేమికుడనని దాచుకోకుండా కాలిఫోర్నియాలో ఎన్నికైన మొదటి ప్రజాప్రతినిధి. ఆ రాత్రి వేలమంది కొవ్వొత్తులు పట్టుకొని నగర భవనము వరకు నడిచారు. అది కూడా సోమవారమే, ప్రాక్టీసు రోజు. బృందము ఆ మెట్ల మీద నిలబడి మెండెల్సన్ స్వరపరచిన ఒక భక్తిగీతము పాడింది. ప్రభువును ఆశ్రయముగా సంబోధించే ఆ గీతపు పేరు వినగానే 90వ కీర్తన తెలిసినవారికి ఆ కీర్తన మొదటి వచనము మనసులో మెదులుతుంది. బహిరంగముగా ఆ బృందము పాడిన మొదటి పాట అదే.

ఇక్కడ కొంచెము ఆగాలి. పత్రికలవారు సాధారణంగా దీనిని ఒక చారిత్రక ఘట్టముగా రాసి దాటిపోతారు. వేదాంత విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు. మొదటి కచేరీకి సిద్ధపడుతున్న ఒక బృందము, ప్రకటించుకున్న కార్యక్రమమేదీ లేకుండా, హత్య జరిగిన రోజు రాత్రి ఏమి పాడాలో ఎలా తెలుసుకుంది? వాళ్ళలో ఎందరో చిన్ననాడు గుడిలో పాడినవాళ్ళు. సంఘము వాళ్ళను వద్దనుకున్నా, సంఘము నేర్పిన పాట వాళ్ళ గొంతులో ఉండిపోయింది. 137వ కీర్తనలోని చెరపట్టబడినవారు అన్యుల దేశములో ఎలా పాడగలమని సితారాలను చెట్లకు తగిలించారు. వీళ్ళు తమ సొంత ఊరిలోనే అన్యులై, తగిలించకుండా పాడారు. ఈ తేడా మీద ఒక ప్రసంగమే చేయవచ్చు, కానీ అది ఇక్కడ నా ఉద్దేశము కాదు.

చనిపోయినవారికి కూడా ఒక వరుస

1981 వేసవిలో బృందము దేశములోని తొమ్మిది నగరాల పర్యటనకు బయలుదేరింది. ఆ పర్యటన చూసి అనేక నగరాల్లో ఇటువంటి బృందాలు పుట్టాయి. వాటికి ముందే, 1975లో, ఫిలడెల్ఫియాలో అన్నా క్రూసిస్ అనే స్త్రీల బృందము ఉంది. దానిని మరచిపోయి అంతా పురుషులతోనే మొదలైనట్టు రాయడము చరిత్రకారుల్లో తరచు కనిపించే పొరపాటు. అదే వేసవిలో, జూన్ 5న, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ లాస్ ఏంజెలెస్‌లోని ఐదుగురు యువకుల అరుదైన న్యుమోనియా గురించి ఒక చిన్న నివేదిక ప్రచురించింది. తరువాత ఎయిడ్స్ అని పిలువబడిన వ్యాధి గురించి వెలువడిన మొదటి నివేదిక అది. స్థాపకుడు సిమ్స్ 1984లో ఆ వ్యాధితోనే మరణించాడు. బృందము అప్పటినుండి మూడు వందలకు పైగా సభ్యులను పోగొట్టుకుంది.

మూడు వందల మంది అంటే ఈ చిత్రములో బస్సులెక్కి దక్షిణానికి వెళ్ళిన బృందమంత మరొక బృందము.

పురుషుల బృందాల్లో స్వరాలు నాలుగు విభాగాలు: మొదటి టెనర్, రెండవ టెనర్, బారిటోన్, బేస్. ఈ బృందము చనిపోయిన తమ సభ్యులను "ఐదవ విభాగము" అని పిలుస్తుంది. ఇది కేవలము భావుకత అనుకుంటే పొరబాటు. విభాగము అనే మాట ప్రాక్టీసు గదిలో చాలా మామూలు మాట. విభాగానికి ఒక నాయకుడు ఉంటాడు, హాజరు పట్టీ ఉంటుంది, కూర్చునే చోటు ఉంటుంది. చనిపోయినవారిని "అమరులు" అనో "వెలుగు తారలు" అనో పిలిచి ఎత్తున పెట్టకుండా, హాజరు పట్టీలో మరొక వరుసగా పిలవడములో ఒక నిదానము ఉంది. అపొస్తలుల విశ్వాస ప్రమాణములో మనము ప్రతివారము పరిశుద్ధుల సహవాసమును నమ్ముచున్నామని చెబుతాము. ఆ మాటకు అర్థము అడిగితే చాలామంది విద్యార్థులు గుడిలో కూర్చున్నవారి మధ్య ఉండే ప్రేమ అంటారు. హెబ్రీ 12:1లోని సాక్షి సమూహము వరకు వెళ్ళేవారు తక్కువ.

1993లో శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రిక ఛాయాగ్రాహకుడు ఎరిక్ లూస్ తీసిన ఒక చిత్రము ఉంది. బృందమంతా వరుసల్లో నిలబడి ఉంటుంది. తెల్లబట్టలు వేసుకొని మనవైపు చూస్తున్నవారు కొద్దిమంది. వాళ్ళు మొదటి బృందములో బ్రతికి మిగిలినవారు. మిగతావారంతా నల్లబట్టల్లో, మనకు వీపు తిప్పి నిలబడ్డారు. వాళ్ళు నిలబడింది చనిపోయినవారి బదులు. ఆ నల్లబట్టల వారు కూడా సజీవులే, అప్పటి సభ్యులే. చనిపోయినవాడి స్థానములో తన వీపు పెట్టి నిలబడటానికి ఒప్పుకున్నారు. వాళ్ళలో ఎందరికి తమ రక్త పరీక్ష ఫలితము అప్పటికే తెలుసో ఆలోచిస్తే ఆ ఫోటోను ఎక్కువసేపు చూడటము కష్టము. వ్యాధిని అదుపులో ఉంచే మందుల కలయిక అందుబాటులోకి రావడానికి అప్పటికి ఇంకా మూడేళ్ళు ఉంది.

ఈ విషయము మనకు దూరదేశపు సంగతి కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్నవని గుర్తించిన ఆరు రాష్ట్రాల్లో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ సంవత్సరాల్లో కాపరులుగా ఉన్నవారందరము ఆ భూస్థాపనలు చేశాము. కారణము ఎవరూ చెప్పేవారు కాదు, మనమూ అడిగేవారము కాదు. టీబీ అనేవారు, కామెర్లు అనేవారు. కుటుంబము గౌరవము కాపాడటము దయే కావచ్చు. కానీ మరుసటి ఆదివారము ఆ పేరు ప్రార్థనలో కూడా వినబడేది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో బృందము కరపత్రాల మీద పేర్లు అచ్చువేసుకుంటున్న కాలములో మనము పేర్లు మింగుతున్నాము. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, ఆదరణ మాట ఒక్కటీ లేకుండా. అది మన ఆరాధన క్రమాల్లో ఎందుకు ఎక్కడా చోటు చేసుకోలేదో ఆలోచించవలసిన ప్రశ్న.

ఇంత బరువైన చరిత్రకు ఈ డాక్యుమెంటరీ ఇచ్చిన చోటు చాలా తక్కువ. ప్రయాణము తొందరలో ఉన్న చిత్రము కాబట్టి పాత ఫోటోలు చూపించి కదిలిపోతుంది. నా మొదటి అభ్యంతరము ఇదే. ఐదవ విభాగము ఏమిటో అర్థము కాకుండా ఆ బృందము దక్షిణానికి ఎందుకు వెళ్ళగలిగిందో అర్థము కాదు. మూడు వందల మందిని పూడ్చుకున్నవారిని మిసిసిపీలోని ఒక నిరసన ప్లకార్డు ఏమి భయపెట్టగలదు?

ఊపిరి పంచుకోవడము

డీట్రిష్ బాన్‌హోఫర్ 1939లో ప్రచురించిన "కలిసి జీవించడము" అనే పుస్తకము మన విద్యార్థులకు తెలిసినదే. ఫింకెన్‌వాల్డె రహస్య సెమినరీ అనుభవము నుండి రాసినది. అందులో ఆయన సంఘములో అందరూ ఒకే స్వరములో పాడాలని, నాలుగు స్వరాలుగా విడిపోయి పాడటములో సంగీతము పట్ల అహంకారము దూరుతుందని వాదిస్తాడు. తన బేస్ గొంతు అందరికీ వినిపించాలని పాడేవాడిని ఆయన గట్టిగానే మందలిస్తాడు. పాడే మనస్సు లేదని నోరు మూసుకొని కూర్చునేవాడిని కూడా వదలడు.

తెలుగు సంఘానికి ఆయన మాట సులభముగానే నచ్చుతుంది. పురుషోత్తమ చౌదరి కాలము నుండి మన కీర్తనలు ఒకే స్వరములో, పల్లవి ఒకరు అందించి అందరూ అందుకునే పద్ధతిలో వచ్చాయి. అయినా బాన్‌హోఫర్ ఇక్కడ ఒక సంగతి చూడలేదేమో అనిపిస్తుంది. నాలుగు స్వరాల బృందములో నేర్చుకునే మొదటి క్రమశిక్షణ తన గొంతు వినిపించడము కాదు, ప్రక్కవాడి గొంతు వినడము. బారిటోన్ వరుస చాలాసార్లు రాగము లేని వరుస. విడిగా పాడితే పాటే కాదు. మిగతా మూడు ఉంటేనే దానికి అర్థము. 1 కొరింథీ 12:21లో కన్ను చేతితో అనలేనిదేదో, టెనర్ బారిటోన్‌తో అనలేడు.

ఇంకొక సంగతి, ఇది పాడినవారికే తెలుస్తుంది. ఒక పొడవైన స్వరము ఏ ఒక్కరి ఊపిరికీ సరిపోదు. అప్పుడు అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోరు. ప్రక్కవాడు ఆగినప్పుడు నేను పట్టుకుంటాను, నేను ఆగినప్పుడు అతడు పట్టుకుంటాడు. వినేవారికి స్వరము తెగినట్టు తెలియదు. ఎవరెప్పుడు ఆగారో ఎవరూ లెక్కపెట్టరు. దుఃఖములో ఉన్న బృందానికి ఈ పద్ధతి సంగీత నియమము మాత్రమే కాదు. నిన్న భాగస్వామిని పూడ్చి వచ్చినవాడు ఇవాళ ప్రాక్టీసులో నిలబడి, పాడలేక నోరు మాత్రము కదిలిస్తే, పాట ఆగదు, అతడిని ఎవరూ తప్పుపట్టరు. బాన్‌హోఫర్ మందలించిన ఆ నోరు మూసుకున్నవాడికి ఇక్కడ చోటు ఉంది.

డల్లాస్‌లోని టర్టిల్ క్రీక్ కొరేల్ అనే మరొక బృందము 1990వ దశాబ్దపు మొదట్లో క్రిస్టఫర్ జాన్ ఆంథొని చేత ఎయిడ్స్ మృతుల కోసము ఒక స్మరణ సంగీతము రాయించుకుంది. ఆ స్వరకర్త కూడా ఆ వ్యాధికే బలి అయ్యాడు. అప్పటి ఆ బృందపు నిర్దేశకుడే ఈ చిత్రములోని ప్రధాన వ్యక్తి, టిమ్ సీలిగ్.

గొంతు ఉంచుకొని మనిషిని వదలడము

సీలిగ్ దక్షిణ బాప్టిస్టుల బిడ్డ. హ్యూస్టన్‌లోని ఒక పెద్ద బాప్టిస్టు సంఘములో సంగీత పరిచారకుడుగా పనిచేశాడు. 1986లో, ముప్పది అయిదేళ్ళ వయస్సులో, తాను స్వలింగ ప్రేమికుడనని బయటపెట్టాడు. ఉద్యోగము, సంఘము, వివాహము అన్నీ పోయాయి. తరువాత ఇరవై ఏళ్ళు డల్లాస్ బృందాన్ని, 2011 నుండి 2022 వరకు శాన్‌ఫ్రాన్సిస్కో బృందాన్ని నడిపించాడు. చిత్రములో ఆయన ముఖము మీద మనకు కనబడే బాధ నటన కాదు. తనను పెంచిన ఆరాధన వాతావరణములోకి మూడు దశాబ్దాల తరువాత అడుగుపెడుతున్నప్పుడు ఆయన గొంతు మారుతుంది. కెమెరా అక్కడ తొందరపడకుండా నిలబడింది. చిత్రములో నాకు బాగా నచ్చిన భాగము అదే.

పర్యటనకు "లావెండర్ పెన్ టూర్" అని పేరు. 1978లో స్వలింగ ప్రేమికుల హక్కుల చట్టము మీద సంతకము చేయడానికి మిల్క్ మేయరుకు ఇచ్చిన కలము రంగు అది. 2016లో మిసిసిపీలో మత విశ్వాసము పేరిట సేవలు నిరాకరించడానికి వీలు కల్పించే చట్టము, ఉత్తర కరోలినాలో మరుగుదొడ్ల వాడకము గురించిన చట్టము వచ్చాయి. బృందము మిసిసిపీ, అలబామా, టెన్నెసీ, దక్షిణ కరోలినా, ఉత్తర కరోలినా రాష్ట్రాలకు వెళ్ళింది. ఓక్లాండ్ ఇంటర్‌ఫెయిత్ గాస్పెల్ కొయిర్ వారితో కలిసి నడిచింది. దక్షిణ కరోలినా గ్రీన్‌విల్‌లోని మొదటి బాప్టిస్టు సంఘము తన గుడిని వారికి తెరిచింది. ఆ సంఘము రెండేళ్ళ ముందే, 2015లో, తన సభ్యత్వములో ఈ విషయమై వివక్ష చూపకూడదని నిర్ణయించుకుంది. అంటే ఆ తలుపు కెమెరా వచ్చిందని తెరుచుకున్నది కాదు. ఒక సంఘము ఎవరూ చూడని రోజుల్లో కూర్చొని మాట్లాడుకున్నందువల్ల తెరుచుకున్నది. చిత్రము ఆ సంభాషణలను చూపించలేదు. ఒక సంఘకాపరికి కచేరీ కంటే అవే ఎక్కువ అవసరము.

నా రెండవ అభ్యంతరము చిత్రపు చట్రము మీద. ఉదారమైన పడమటి నగరము నుండి పాటలు మోసుకొని అంధకారములో ఉన్న దక్షిణానికి వెళ్ళడము అనే కథకు మిషనరీ కథల పోలిక కనబడుతుంది. మిషనరీ కథల్లో స్థానికులకు తమ సొంత గొంతు ఉండదు. మన పితరుల సంగతి మనకు తెలుసు. నిజానికి టెన్నెసీలో నాష్‌విల్ ఇన్ హార్మొని 2004 నుండి పాడుతోంది. ఉత్తర కరోలినా షార్లట్‌లో వన్ వాయిస్ కోరస్ 1990 నుండి ఉంది. వాళ్ళు విమానమెక్కి తిరిగి వెళ్ళిపోరు. కచేరీ ముగిసిన మరునాడు అదే కిరాణా కొట్టుకు, అదే బంధువుల ఇంటికి వెళతారు. సెల్మాలోని వంతెన మీద ఈ బృందము పాడటము కూడా నన్ను కొంత ఇబ్బంది పెట్టింది. 1965లో నల్లజాతివారి రక్తము పడిన చోటు అది. ఓక్లాండ్ బృందము ప్రక్కన ఉండటము వల్ల ఆ ఘట్టము నిలబడింది గాని, జాతి వేరు, లైంగికత వేరు అన్న ప్రశ్నను చిత్రము పాటతో కప్పేసింది. మనము కులము విషయములో ఇదే పొరపాటు చేస్తుంటాము, అన్ని గాయాలను ఒకే పాటలో కలిపేస్తాము.

న్యాయముగా చెప్పాలంటే, బృందము లోపలి విభేదాలను చిత్రము పూర్తిగా దాచలేదు. సభ్యుల్లో ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీ ఉంది. పేరులోనే "పురుషులు" అని ఉన్న బృందములో ఆమె చోటు ఏమిటన్న ప్రశ్న చిత్రములో ఉంది, దానికి తేలికైన జవాబు ఇవ్వలేదు. మరొక సభ్యుడు చాలాకాలముగా దూరమైన తండ్రిని కచేరీకి రమ్మని పిలుస్తాడు. ఇటువంటి దృశ్యానికి ఏడవని ప్రేక్షకుడు ఉండడు, నేనూ ఏడ్చాను. తరువాత ఆలోచిస్తే అనిపించింది: ఆ తండ్రి రాకముందు ఇన్నేళ్ళు ఆ కుమారుడిని నిలబెట్టినవారు ఎవరు? అతడి ప్రక్కన అదే విభాగములో కూర్చునే ఏడెనిమిది మంది. వాళ్ళ ముఖాలు మనకు గుర్తుండవు. లూకా 15లో తండ్రి పరుగెత్తిన దృశ్యము అందరికీ ఇష్టము. ఆ దూరదేశములో కుమారుడికి పొట్టు కూడా ఎవరూ ఇవ్వలేదని వాక్యము చెబుతోంది. ఇక్కడ ఇచ్చినవారు ఉన్నారు.

బృందము తప్పులు చేయలేదని కాదు. 2021లో వారు విడుదల చేసిన ఒక వ్యంగ్య గీతాన్ని వినినవారిలో చాలామంది వ్యంగ్యముగా తీసుకోలేదు. బెదిరింపులు రావడముతో ఆ వీడియోను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. బెదిరించినవారి పాపము వారిదే. కానీ 2012లో స్టీఫెన్ ష్వార్ట్జ్ చేత "టెస్టిమొని", అంటే మన భాషలో సాక్ష్యము, అనే పాటను రాయించుకొని పాడిన బృందము, సాక్ష్యము చేసే పని ఎగతాళి చేయలేదని ఎరిగి ఉండవలసింది.

హార్మోనియం దగ్గర

ముంబైలో 2014 నుండి రెయిన్‌బో వాయిసెస్ అనే ఇటువంటి బృందము పాడుతోంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో పెద్దల ఇష్టపూర్వక సంబంధాలు నేరము కాకుండా పోయాయి. కాబట్టి చట్టాన్ని అడ్డము పెట్టుకొని మాట్లాడే వీలు మనకు లేదు. అయితే నేను చెప్పదలచినది ముంబై గురించి కాదు.

చాలా ఏళ్ళ క్రితము తీర ప్రాంతములోని ఒక చిన్న పట్టణములో నేను కాపరిగా ఉన్నప్పుడు మా క్వయరులో ఒక అబ్బాయి ఉండేవాడు. హార్మోనియం వాయించేవాడు, పల్లవి ఎత్తేవాడు. వాడు పాడితే ముసలమ్మలు కళ్ళు తుడుచుకునేవారు. వాడి నడక, చేతులు తిప్పే తీరు చూసి కుర్రాళ్ళు వెనక ఒక మాట అనేవారు. ఒక సాయంత్రము ముగ్గురు పెద్దలు మా ఇంటికి వచ్చారు. "అయ్యగారూ, ముందు నిలబడేవాడు అలా ఉంటే బయటివాళ్ళు ఏమనుకుంటారండీ?" అన్నారు. వాడు ఏ తప్పు చేశాడని వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మరుసటి శనివారము వాణ్ణి పిలిచి, కొంతకాలము కింద కూర్చోమన్నాను. పాడొద్దని కాదు నాన్నా, కింద కూర్చొని పాడు, అన్నాను. వాడు కాసేపు ఊరుకొని, "సరే అయ్యగారూ. మరి పాటల నోట్‌బుక్ ఎవరికివ్వమంటారు?" అని అడిగాడు. కీర్తనలన్నీ రాగాలతో సహా సొంత చేతితో రాసుకున్న పుస్తకము అది.

రెండు ఆదివారాలు వచ్చాడు. తరువాత రాలేదు. ఎవరూ వెళ్ళి చూడలేదు, నాతో సహా. ఏడాది తరువాత చందా కట్టలేదని సంఘ రిజిస్టరులో పేరు కొట్టివేశారు. సంతకము నాదే. ఆ నోట్‌బుక్‌లోని పాటలు ఆ గుడిలో చాలా ఏళ్ళు పాడారు.

సీలిగ్ కథ చూస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చినది హ్యూస్టన్ కాదు. గొంతును ఉంచుకొని మనిషిని వదలడానికి పెద్ద సంఘము, పెద్ద తీర్మానము అవసరము లేదు. మర్యాదగా, ఎవరూ నొచ్చుకోకుండా, శనివారము సాయంత్రము అయిదు నిమిషాల్లో చేయవచ్చు.

ఈ డాక్యుమెంటరీని తరగతిలో చూపించదలచిన అధ్యాపకులకు ఒక సూచన. చిత్రానికి ముందు 1993 నాటి ఫోటోను చూపించండి. చిత్రము తరువాత చర్చ వెంటనే మొదలుపెట్టకండి. విద్యార్థులు ఒక్కొక్కరు తమ సొంత ఊరి సంఘములో పదేళ్ళ క్రితము క్వయరులో పాడినవారి పేర్లు కాగితము మీద రాసి, ఒక్కొక్క పేరు ఎదుట ఇప్పుడు ఆ మనిషి ఎక్కడ ఉన్నాడో రాయాలి. పెళ్ళై వెళ్ళినవారు, ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళినవారు, చనిపోయినవారు, వేరే సంఘానికి మారినవారు అందరూ ఆ జాబితాలో వస్తారు. నేను ఆ పాత సంఘము పేర్లతో ఈ పని చేశాను. పద్నాలుగు పేర్లు గుర్తొచ్చాయి. తొమ్మిదింటి ఎదుట ఏదో ఒకటి రాయగలిగాను.